మహేంద్రగిరికి జనాన్ని నడిపిస్తున్న సంఘాలకు బహిరంగ లేఖ

పర్లాకిమిడి, బరంపురం యువజన సంఘాల పెద్దలకు, కాలేజీ బృందాలను తీసుకెళ్లే మాస్టార్లకు, వాట్సాప్‌లో పేర్లు రాసుకుని బస్సు మాట్లాడే మిత్రులకు నమస్కారం.

వానలు వెనకపట్టి కొండమీద గడ్డి పసుపుబారిందంటే మహేంద్రగిరి నడకలకు పేర్లు రాయడం మొదలవుతుంది. మంచి పని. ఒడిశా గజపతి జిల్లాలోని ఈ 1501 మీటర్ల కొండ మన గుమ్మం ముందు ఉంది, మన ఊరి పక్కన పారే మహేంద్రతనయ పుట్టేది అక్కడే, మన పిల్లల్లో సగం మంది దాన్ని దూరంనుంచి నీలంగా చూడటమే తప్ప ఎక్కింది లేదు. నడకకు మేము అడ్డు చెప్పడం లేదు. నడిపే తీరు మార్చమని అడుగుతున్నాం. యాభై సీట్ల బస్సు మాట్లాడుకున్నాం కదా అని యాభై మందిని పోగుచేసి, పైన రాతి అంచున బారుగా వదిలేయడం దయచేసి ఆపండి. ఎంతమంది నడవాలో బాట చెప్పాలి, బస్సు కాదు.

మా లెక్క పదిహేను మంది, వాళ్లకు ముగ్గురు నడిపేవాళ్లు. రాతి చట్టుమీద మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లు వదలాలి, ముందువాడు జారితే వెనకవాడిని తన్నకుండా. అలా వదిలితే పద్దెనిమిది మంది బారు దాదాపు 35 మీటర్లు ఉంటుంది. ముందున్నవాళ్లు తిరిగి చూస్తే చివరి మనిషి కనపడతాడు, గట్టిగా పిలిస్తే వినపడతాడు. యాభై మందైతే అదే లెక్కన వంద మీటర్లు, అసలు నడకలో సాగిసాగి పావు కిలోమీటరు. మధ్యలో ఒక మలుపు, ఒక పొదల గుబురు వచ్చిందంటే అది రెండు గుంపులవుతుంది. వెనక గుంపుకు దారి తెలిసినవాళ్లు ఉండరు. జనం ఎక్కువగా ఉంటే మూడు బృందాలు చేసి అరగంట ఎడంతో పంపండి. లేదా మూడు ఆదివారాలు పెట్టుకోండి.

ఇక అన్నిటికంటే పెద్ద విషయం, వెనక మనిషి. చాలా సంఘాల్లో గట్టి నడకవాడు ముందుంటాడు, వెనక ఎవరుంటారంటే ఎవరు అలిసిపోతే వాళ్లు. ఇది తలకిందులు వ్యవహారం. వెనక ఉండాల్సినవాడే బృందంలో అందరికంటే గట్టివాడు, ఓర్పున్నవాడు. మందుల సంచీ, అదనపు నీళ్లు, టార్చి అతని దగ్గరే ఉండాలి, ఎందుకంటే కాలు బెణికేది, కళ్లు తిరిగేది వెనకే. అతన్ని దాటి వెనక ఒక్కరూ మిగలకూడదు. మూత్రానికి పక్కకు వెళ్లినా అతనికి చెప్పి, సంచీ బాటమీద పెట్టి వెళ్లాలి. సంచీ అక్కడ ఉందంటే మనిషి ఇంకా రాలేదన్నమాట.

ఎక్కుడులో ప్రతి బృందమూ చేసే తప్పు ఒకటుంది. ముందువాళ్లు చకచకా ఎక్కి చెట్టు నీడన పది నిమిషాలు కూర్చుంటారు. చివరివాళ్లు రొప్పుతూ వచ్చేసరికి, "అందరూ వచ్చేశారు, పదండి" అని లేస్తారు. విశ్రాంతి అవసరం లేనివాడికి పది నిమిషాలు దొరికింది, అవసరమైనవాడికి అర నిమిషం కూడా దొరకలేదు. మూడుసార్లు ఇలా జరిగితే నాలుగోసారి ఆ మనిషి వాంతి చేసుకుంటాడు, లేదా కండరం పట్టేసి కూలబడతాడు. అందరూ అతనిది ఓపిక లేని ఒళ్లు అనుకుంటారు. ఒంటి తప్పు కాదది, నడిపినవాళ్ల తప్పు. వెనక మనిషి కూర్చున్నాకే పది నిమిషాల లెక్క మొదలు కావాలి. లేచాక నెమ్మదిగా నడిచే ఇద్దరు ముగ్గురిని ముందు మనిషి వెనకే రెండో స్థానంలో పెట్టండి. బృందం వేగం దానంతట అదే వాళ్ల వేగానికి దిగుతుంది, ఎవరినీ అదిలించాల్సిన పని ఉండదు. బాట చీలిన ప్రతి చోటా వెనక మనిషి కంటబడేదాకా ముందు మనిషి ఆగాలి. చీపురు గడ్డి కోసుకునేవాళ్ల బాటలు, పశువుల బాటలు, అసలు బాట అన్నీ ఒక్కలాగే కనిపించే కొండ ఇది.

తల లెక్క కళ్లతో పెట్టొద్దు. బయల్దేరేటప్పుడే ఒక్కొక్కరికీ ఒక అంకె ఇచ్చేయండి. ఆగిన ప్రతిచోటా "ఒకటి", "రెండు" అని వాళ్ల నోటితోనే పలికించండి. పలకని అంకె ఎవరిదో వెంటనే తెలుస్తుంది.

వేళ లెక్క ఇంట్లోనే కాగితంమీద వేయాలి. మన వాళ్లతో చదును బాటన గంటకు మూడు కిలోమీటర్లు పడతాయి. దానికి తోడు ప్రతి 300 మీటర్ల ఎత్తుకు అరగంట కలపండి. గంటకు పది నిమిషాల విశ్రాంతి, తిండికి ముప్పావు గంట. రానుపోను 12 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు ఉన్న నడక అనుకుందాం. నడకకు నాలుగు గంటలు, ఎత్తుకు 50 నిమిషాలు, విశ్రాంతికి 50, తిండికి 45. వెరసి దాదాపు ఆరున్నర గంటలు. పదింటికి మొదలుపెడితే నాలుగున్నరకు కిందకు రావాలి, ఏ ఆటంకమూ లేకపోతే. నవంబరు నెలాఖరున ఇక్కడ సాయంత్రం 5.15 ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. అడవి లోపల అంతకు ముందే మసక. ఒక్క కాలు మడతపడిందంటే చీకట్లో రాళ్లమీద దిగాల్సిందే. కాబట్టి ఏడున్నరకల్లా మొదటి అడుగు పడాలి. మధ్యాహ్నం పన్నెండున్నర అయిందంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే. ఈ మాట బస్సులోనే అందరికీ చెప్పేయండి, పైన బేరాలు మొదలుకాకుండా.

రాతి అంచు గురించి కాస్త వివరంగా రాస్తాం, ఎందుకంటే మీరు వెళ్లేది దానికోసమే.

తూర్పు కనుమల్లో విరివిగా దొరికే రాయిని ఖోండలైట్ అంటారు. ఈ కొండల్లోని కోందు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఎండకూ వానకూ అది గుల్లబారుతుంది. పైకి దిట్టంగా కనిపించిన పలకను పట్టుకుని ఒళ్లు లాగారంటే పెచ్చులా ఊడొస్తుంది. అందుకే చేతిపట్టుమీద భారం వేసే ముందు అరచేతితో రెండుసార్లు తట్టి వినాలి. గట్టి రాయి చేతికి దెబ్బ తగిలినట్టుంటుంది, శబ్దం పొడిగా వస్తుంది. గుల్ల రాయి డబడబమంటుంది. వాలు చట్టుమీద కంటికి ఆనని ప్రమాదం ఇంకొకటి. రాయి అరిగి రాలిన శనగగింజంత ఇసుక రవ్వలు చట్టుమీద పరుచుకుని ఉంటాయి. బూటు కింద అవి గోలీల్లా దొర్లుతాయి. పొడి రాయి కదా అని ధైర్యంగా వేసిన అడుగే జారుతుంది. అక్కడ మడమ ముందు మోపకుండా పాదం మొత్తం ఒకేసారి ఆనించి, అడుగులు చిన్నవి చేసి నడవాలి. చట్టుమీద నల్లటి చారలు కనిపిస్తే అవి నీళ్లు ఊరి దిగిన జాడలు. ఎండినప్పుడు గరుకుగానే ఉంటాయి, మంచు తడి పడితే పాకుడు లేచి సబ్బు రాసిన గచ్చులా అవుతాయి. పొద్దున్నే తొమ్మిదింటి లోపు ఆ చారలు తొక్కొద్దు. చుట్టూ తిరిగి వెళ్లండి.

అంచుకు అయిదు మీటర్లు ఇవతలే బారు నడవాలి. అంచుకు సమాంతరంగా నేలలో చీలిక కనిపిస్తే ఆ చీలిక అవతల ఉన్నదంతా గాలిలో ఉన్నట్టే లెక్క, ఎంత వెడల్పుగా ఉన్నా దాటొద్దు. గడ్డి దుబ్బులు అంచును దాటి బయటకు వేలాడతాయి, వాటి కింద రాయి ఉండదు. ఫొటో తీయాలంటే ముందు మనిషి చోటు చూపించాలి. ఒకసారికి ఇద్దరే, సంచీలు దించి, కూర్చుని. ఫొటో తీసేవాళ్లు వెనక్కి అడుగు వేయొద్దు. "ఇంకొంచెం వెనక్కి" అన్న మాటే ఆ చోట నిషేధించండి. కాలి కింద రాయి కదిలి దొర్లితే తొక్కినవాళ్లే "రాయీ!" అని అరవాలి. కిందివాళ్లు పైకి చూడకుండా చేతులు తలమీద పెట్టుకుని కొండవైపు ఆనుకోవాలి. సరదాకు రాళ్లు కిందికి దొర్లించే కుర్రాళ్లు ప్రతి గుంపులో ఇద్దరుంటారు. కింద సవర గిరిజన కుటుంబాల పోడు చేలున్నాయి, పశువులు మేపుకునే పిల్లలున్నారు. బయల్దేరే ముందే ఆ ఇద్దరినీ పక్కకు పిలిచి చెప్పండి.

చూరులా ముందుకు వంగిన బండల కింద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. చెట్టు తొర్రల్లో ఉండే చిన్న ఈగలు కావివి, కొండ తేనెటీగలు. వీటి గురించి తెలిసి ఉండటం మీ బాధ్యత. పట్టు పైపొరలో ఈగలు కప్పులా పరుచుకుని ఉంటాయి. దూరంగా ఏదైనా కదిలితే అవి ఒకదాని తర్వాత ఒకటి పొట్ట పైకెత్తుతాయి. ఆ కదలిక పట్టు మీదుగా నీళ్లలో అల సాగినట్టు మెరుస్తూ పాకుతుంది. చూడముచ్చటగా ఉంటుంది, ఫోన్లు బయటకు వస్తాయి. అది ఈగలు ఇస్తున్న హెచ్చరిక. మాటలు ఆపి, చేతులు ఊపకుండా, వచ్చిన దారినే వెనక్కి నడవాలి. పట్టు కింద పొగ, అత్తరు వాసన, డ్రోను మోత, ఈలలు, రాయి విసరడం, వీటిలో ఏదైనా చాలు వాటిని లేపడానికి. లేచాయంటే నిలబడి విదిలించుకోవడం పనికిరాదు. కుట్టిన చోట వచ్చే వాసన పట్టుకుని మిగతావి వస్తాయి. కండువాతో ముఖం కప్పుకుని దట్టమైన పొదల్లోకో, దూరంగానో పరుగెత్తాలి. కానీ అంచువైపు కాదు. అందుకే పట్లు ఉన్నచోటుకు చేరకముందే పారిపోయే దిక్కు ముందు మనిషి చేత్తో చూపించాలి. దిగిన ముల్లును ఆలస్యం చేయకుండా గోరుతోనో కార్డు అంచుతోనో గీకి తీసేయండి. పెద్దవాళ్లకు ఇరవై ముప్పై కాట్లు పడినా, ఒక్క కాటుకే పెదాలు వాచినా, గొంతు బిగిసినా, ఒళ్లంతా దద్దురు లేచినా నడక అక్కడితో అయిపోయినట్టే, ఆసుపత్రికి దించాలి. తేనెటీగ కాటు పడదని తెలిసినవాళ్లు ఎవరో పేర్లు రాసుకునేటప్పుడే అడగండి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, షుగరు కూడా అప్పుడే అడగాలి, నలుగురిలో కాదు, విడిగా.

సముద్రం దగ్గర కావడంతో ఈ కొండ మబ్బును పట్టుకుంటుంది. కిందకంటే పైన సుమారు తొమ్మిది డిగ్రీలు చల్లన, గాలి తోడైతే ఇంకా. చెమటతో తడిసిన నూలు బనీనుమీద ఆ గాలి తగిలితే డిసెంబరులో పిల్లలు వణికిపోతారు. సంచీలో పొడి చొక్కా ఒకటి, గాలి దూరని కోటు ఒకటి ఉండాలి. మంచు దిగి పది మీటర్ల అవతల మనిషి కనపడకపోతే అంచుకు దూరంగా జరిగి కూర్చోండి. విడిపోతే వెతుక్కుంటూ తిరగడం వద్దు. తప్పిపోయినవాళ్లు ఉన్నచోటే ఉండి నిమిషానికి ఆరు ఈలలు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. విన్నవాళ్లు నిమిషానికి మూడు ఈలలతో బదులివ్వాలి. ఈల చవకైన వస్తువు, ప్రతి మెడలోనూ ఉండాలి.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఉరుముల వానలు వస్తాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినబడిందంటే శిఖరం, అంచు వదిలి కిందికి దిగాలి. ఒంటి చెట్టు కింద గానీ, లోతు లేని బండ చూరు కింద గానీ తలదాచుకోవద్దు. మనిషికీ మనిషికీ పదిహేను మీటర్ల ఎడం ఉంచండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా తిరిగి ఎక్కొద్దు. తుపాను రోజుల సంగతి వేరే చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం పోయారు. పెద్ద వాన ఆగాక కనీసం నాలుగు రోజులు కొండవైపు చూడొద్దు. రాయి కదిలేది వాన ఆగాక కూడా.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు, ఫిబ్రవరి దాటితే నాలుగు. ఓఆర్ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరులో ఒకేసారి కలపాలి, సగం సగం కలిపితే పాళ్లు తప్పుతాయి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా. తిండికి పులిహోర, అటుకులు, బెల్లం వేరుశెనగ ఉండలు చాలు. కొబ్బరి పచ్చడి మధ్యాహ్నానికి పులుస్తుంది. బూట్లు ఇంట్లో నాలుగేళ్లు మూలన పడినవి అయితే అడుగు అట్ట జిగురు వదిలి మధ్యదారిలో నోరు తెరుస్తుంది. వెనక మనిషి సంచీలో కరెంటు పనివాళ్లు వాడే టేపు ఉంటే ఆ పూటకు కట్టొచ్చు. మడమ వేడెక్కినట్టు అనిపించగానే ఆగి ప్లాస్టరు వేయాలి. పొక్కు లేచాక వేస్తే ఆలస్యమైనట్టే.

చలికాలం చివర్లో బాట పక్క తీగలకు దురదగొండి కాయలు ఎండి ఉంటాయి. ఆ నూగు గాలికే మీద పడుతుంది. గోకొద్దు, నీళ్లు పోయొద్దు. ముందు టేపు అంటించి లాగేసి, తర్వాత కడగాలి. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ పొద్దుల్లో ఎలుగుబంట్లు చెట్ల కిందే ఉంటాయి, అప్పుడు తెల్లవారకముందు నడక పెట్టొద్దు. ఎలుగు ఎదురైతే పరుగెత్తకుండా దగ్గరగా గుమిగూడి, దాన్నే చూస్తూ నెమ్మదిగా వెనక్కి జరగాలి. ఏనుగుల కబురు మాత్రం ఆ ఊళ్లోనే అడగాలి, ముందురోజు కాదు, ఆ పొద్దున్నే. పాము కరిస్తే రక్తం ఆగేలా బిగించి కట్టొద్దు, కోయొద్దు, ఉంగరాలూ కడియాలూ తీసేసి, కరిచిన కాలు కదలకుండా కర్ర ఆనించి కట్టి, మోసుకు దిగండి. కరిచిన వేళ కాగితంమీద రాయండి.

గడ్డిలో నేరుగా కూర్చోవడం, పడుకోవడం మంచిది కాదు. కంటికి కనపడనంత చిన్న నల్లి జాతి పురుగుల (మైట్స్) పిల్లలు కుట్టి స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. కుట్టిన చోట చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూసుకోరు. జ్వరం పది రోజుల తర్వాత రావొచ్చు. అందుకే నడక అయిన రెండు మూడు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా "కొండకు వెళ్లొచ్చాను" అని డాక్టరుకు చెప్పాలి. ఆ ఒక్క మాటతో పరీక్ష సరైన దిక్కున మొదలవుతుంది. మలేరియాకూ అంతే. మీ వాట్సాప్ గుంపును నడక మర్నాడే మూసేయకుండా నెల రోజులు ఉంచి, పదో రోజున ఒకసారి అడగండి.

సరిహద్దు కొండ కాబట్టి ఇంకో చిక్కు. పైన ఫోను ఆంధ్రావైపు టవరు పట్టుకుంటే 108కి చేసిన కాల్ అటు కేంద్రానికి పోవచ్చు. ఎవరు ఎత్తినా ముందుగా "ఒడిశా, గజపతి జిల్లా, మహేంద్రగిరి" అని చెప్పి, తర్వాత విషయం చెప్పండి. పేర్లు, వయసు, రక్తం గ్రూపు, ఇంటి ఫోను నంబరు ఉన్న కాగితం రెండు ప్రతులు తీయండి, ఒకటి తెలుగులో, ఒకటి ఒడియాలో. ఠాణాలోనూ ఆసుపత్రిలోనూ ఒడియా ప్రతి చేతికిస్తే సగం పని తప్పుతుంది. ఫారెస్టు రేంజి ఆఫీసుకు ముందుగా తెలియజేయడం ఎటూ తప్పదు.

2022లో ఒడిశా ప్రభుత్వం ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. బోర్డు చదివి ముందుకు పోవడానికి కాదది. గెడ్డలో (కొండవాగులో) సబ్బు వాడొద్దు, ఆ నీళ్లే కింద సవర ఊళ్ల బిందెల్లోకి పోతాయి. మలవిసర్జన నీటికి అరవై మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట తీసి పూడ్చాలి. నిప్పు రాజేయొద్దు, ఫిబ్రవరి తర్వాత ఒక్క చుట్టపీక చాలు కొండ తగలబడటానికి. భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి రాళ్లమీదకు ఎక్కి ఫొటోలు తీసుకోనివ్వొద్దు. సున్నం లేకుండా బరువుమీద నిలబెట్టిన రాళ్లు కదిలితే మళ్లీ కూర్చోవు. శివరాత్రి జాతర రోజుల్లో నడక పెట్టకండి, ఆ బాట భక్తులది. ఊళ్లోంచి దారి చూపించడానికి మనిషిని పిలిస్తే రోజు కూలి ముందే మాట్లాడి, దిగగానే చేతిలో పెట్టండి. తిండి కూడా అతనికి మీతోపాటే.

దిగాక బస్సు ఎక్కే ముందు అంకెలు మళ్లీ పలికించండి. వెనక మనిషి తన అంకె చివర పలికాకే డ్రైవరు తాళం తిప్పాలి. తర్వాత పొద్దున్న ఊళ్లో ఎవరికి చెప్పి ఎక్కారో వాళ్లకు "అందరం దిగాం" అని చెప్పి రండి. చెప్పకుండా వెళ్లిపోతే చీకటి పడ్డాక ఆ ఊరివాళ్లు కాగడాలు పట్టుకుని వెతకడానికి బయల్దేరతారు.

ఈ సీజనులో మీ బృందానికి వెనక మనిషి దొరక్కపోతే నడక ఒక వారం వాయిదా వేసి మాకు కబురు పెట్టండి. మాలో ఒకరం వస్తాం. బస్సు చార్జీ, నీళ్లు, తిండి మావే.

ఇట్లు,
పర్లాకిమిడి కొండనడక మిత్రులం కొందరం